దాని పేరు మేస్త్రి మలుపు కాదు

మొన్న ఒక ఆదివారం పొద్దున కర్నూలు బస్టాండుకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని ఉంటే, హైదరాబాదు నుంచి కారు నెత్తిన కొండసైకిళ్ళు కట్టుకుని వచ్చిన నలుగురు పక్క బల్ల మీద ఒక రంగుల కాగితం పరుచుకుని, దాని మీది గీతల వెంట వేలు నడిపిస్తూ కనిపించారు. మెడ చాచనక్కర లేకుండానే గుర్తుపట్టాను. అది కోడుమూరుకు పడమటి దిక్కున, మా అక్క మెట్టినూరి పక్కన ఉన్న గుట్ట. ఆ గుట్ట మీద సైకిలు బాటలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, ఆకుపచ్చ గీత ఎక్కడ మొదలై ఎక్కడ నీలం గీతను దాటుతుందో, నల్లగీత ఏ బండ మీద నుంచి దూకుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. కొత్తగా అచ్చు వేసిన పటం కాబోలు, ప్రతి మలుపుకూ ఒక పేరు పెట్టారు. వాళ్ళలో ఒకతను ఏడో మలుపు మీద వేలు పెట్టి, "మేస్త్రి మలుపు అంట, ఇదేం పేర్రా" అన్నాడు. ఇంకొకతను నవ్వుతూ చెప్పాడు. "ఫస్ట్‌లో ఎవడో ఊరి మేస్త్రి అక్కడ గోడ తప్పుగా కట్టాడంట. ఓపెనింగ్ రోజే ఒకమ్మాయి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తర్వాత ఇంజినీరెవరో వచ్చి సరిచేశాడంట. అందుకే ఆ పేరు."

నలుగురూ నవ్వారు. టీ కాచే ఆయన కూడా నవ్వాడు.

ఆ మేస్త్రి మా అక్క భర్త, నా బావ. ఆ ఇంజినీరు నేను. నేను ఇంజినీరును కాను, ఆయన గోడ తప్పుగా కట్టలేదు. ఈ ముక్క అక్కడే, ఆ బల్ల దగ్గరే చెప్పాల్సింది పోయి, సగం తాగిన గ్లాసు వదిలేసి లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చే దారిలో నా మీద నాకు ఎంత మంట పుట్టిందంటే, స్కూటరు పక్కకు ఆపి దిగవలసి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా నోరు మూసుకున్నవాణ్ణి, పరాయివాళ్ళు నలుగురు నవ్వితే గానీ నాకు రోషం రాలేదు. ఆ రోషం చల్లారకముందే జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలని కూర్చున్నాను.

మన వయసు వాళ్ళకు, ముఖ్యంగా ఈ కర్నూలు, కడప నేలల్లో పెరిగినవాళ్ళకు, నీళ్ళ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. వాన మొదలైతే మా అమ్మ చూరు కింద బిందె, గంగాళం, చెంబు, చివరికి పిండి కలిపే పళ్ళెం కూడా వరసగా పెట్టేది. వీధిలో నీళ్ళు పారుతుంటే పిల్లలం అడ్డంగా కాళ్ళు చాచి కూర్చునేవాళ్ళం, పారిపోయే నీటిని ఊరికే పోనివ్వడం పాపమన్నట్టు. పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగమూ అదే. వాటర్‌షెడ్ పనుల్లో సూపర్‌వైజరుగా పన్నెండేళ్ళు ఎండిన గుట్టల మీద కందకాలు తవ్వించాను, గట్లు వేయించాను, ఇంకుడు గుంతలు తీయించాను. గట్టు లోపల నల్లరేగడి దట్టించి చుక్క నీరు బయటికి పోకుండా చేయడంలో నా చెయ్యి తిరిగినట్టు ఇంకొకరి చెయ్యి తిరగలేదని పై అధికారులు కూడా అనేవాళ్ళు. ఆ మాటలు నా తలకెక్కాయి. ఆ పని అలవాటే నన్ను ముంచిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది కూడా తప్పించుకోవడమే. అలవాటు ఎవరి నోరూ మూయించదు.

బావది రాతికట్టు పని. సున్నం, సిమెంటు, మన్ను ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి చేని గట్లు, గొర్రెల దొడ్లు, బావి ఒరలు కట్టే మనిషి. పొద్దున్నే రాళ్ళ కుప్ప చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కసారి తిరిగి వచ్చేవాడు. ఆ తర్వాత రాయి కోసం వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు, చెయ్యి చాపితే కావలసిన రాయే వచ్చేది. చదువు అయిదో తరగతి. నోరు మాత్రం ఎమ్మే చదివింది. బావా బామ్మర్దుల వరస కదా, నేను కనిపిస్తే చాలు మొదలుపెట్టేవాడు. నా బొజ్జ మీద, చంకలో పెట్టుకుని తిరిగే నా డైరీ మీద, దున్నిన చేలో బూట్లతో నడిచే నా నడక మీద ఆయన విసిరే మాటలకు కూలీలు పారలు కింద పెట్టి మరీ నవ్వేవాళ్ళు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మాకిద్దరికీ అదే ముచ్చట. ఒకరోజు ఆయన నన్ను ఏమీ అనకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అక్కను అడిగేవాణ్ణి.

గుట్ట చుట్టూ ఉన్న భూములు ఒక పెద్ద రైతు కుటుంబానివి. ఆ ఇంటాయన కర్నూలులో వ్యాపారాలు చేసుకుంటూ, ఎక్కడో కొండల్లో సైకిళ్ళు తొక్కడం చూసి వచ్చి, కంపచెట్లు తప్ప ఏదీ ఏపుగా పెరగని మా గుట్టను అట్లాంటి చోటుగా మార్చాలనుకున్నాడు. హైదరాబాదు, బెంగళూరు నడుమ పెద్దరోడ్డు మన ముంగిట్లోంచే పోతుంది కాబట్టి శని, ఆదివారాల్లో జనం వస్తారని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే, వస్తున్నారు. వాటర్‌షెడ్ పనులు ఆగిపోయి ఖాళీగా ఉన్న నన్ను ఆయన పిలిచాడు, మేమంతా సారు అనేది ఆయననే. రాతి పని ఉంటుందని తెలిసి బావను నేను పిలిచాను. ఆయన రానన్నాడు, చేతిలో ఒక బావి పని ఉందన్నాడు. నేనే బతిమాలి తెచ్చాను. ఇది కూడా రాయాలి.

బాటలు వేయడం తెలిసిన ఒకాయన బెంగళూరు నుంచి వచ్చి పదిహేను రోజులు మాతో ఉండి నేర్పాడు. సైకిలెక్కిన ప్రతివాడూ ఒకటి కాదనీ, కొత్తవాళ్ళకు ఆకుపచ్చ, కొంత చెయ్యి తిరిగినవాళ్ళకు నీలం, బాగా ఆరితేరినవాళ్ళకు నలుపు అని మూడు రకాల బాటలు వేరువేరుగా వేయాలనీ చెప్పాడు. ఆకుపచ్చ బాట వెడల్పుగా, వాలు తక్కువగా, ముందు ఏముందో దూరం నుంచే కనబడేటట్టు ఉండాలి. నీలంలో చిన్న దిబ్బలూ ఇరుకు మలుపులూ ఉండవచ్చు. నల్లబాటలో బండ అంచు నుంచి సైకిలు గాల్లోకి లేస్తుంది. బాట పొడవునా రాళ్ళకు ఆ రంగు పూస్తే, తొక్కేవాడు రంగును చూసి తన తాహతు తెలుసుకుని దిగుతాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ బాట మీదా నీరు నిలవకూడదు, పడిన చినుకు పడినట్టే అంచు దాటి పోవాలి. ఈ చివరి మాట నాకు మింగుడు పడలేదు. జీవితమంతా నీళ్ళను ఆపినవాణ్ణి పట్టుకుని నీళ్ళను తోలెయ్యమంటున్నారు. బావ మాత్రం తల ఊపి, "మేకలు యాడ నడుస్తాయో చూడప్పా. ఆ దావ ఎన్ని వానలొచ్చినా కోసుకపోదు" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. మేకల దారి ఎక్కడా గుట్టను నిలువుగా దిగదు, వాలుకు అడ్డంబడి ఏటవాలుగా పోతుంది, నీరు దాని మీద ఆగకుండా జారిపోతుంది. మా ఆకుపచ్చ బాట సగం ఆ మేకల వెనక నడిచి గీసిందే.

అయితే కొత్తవాళ్ళంటే ఎంత కొత్తవాళ్ళు, వాళ్ళకు ఎంత భయం ఉంటుంది అన్నది బావకు తేలలేదు. నేర్పడానికి వచ్చినాయన కొలతలు చెప్పాడు, వాటితో బావకు తృప్తి కలగలేదు. ఒక సాయంత్రం సారు తెప్పించిన సైకిళ్ళలో ఒకదాన్ని ఇంటికి నడిపించుకుపోయి మా అక్క ముందు నిలబెట్టాడు. అక్కకు అప్పటికి నలభై ఆరేళ్ళు, పుట్టి బుద్ధెరిగి సైకిలెక్కలేదు.

"నేనెక్కేదేంది, పిచ్చి గాని పట్టిందా నీకు?" అంది అక్క.

"నువ్వు పడకుంటే ఇంగెవురూ పడరు. నీకన్నా భయస్తురాలు ఈ మండలంలోనే లేదు."

"పెండ్లినాడే భయపడింటే నాకీ గతి పట్టకపోవు."

నెల తిరిగేసరికి అక్క చీర కుచ్చెళ్ళు దోపుకుని కళ్ళంలో గుండ్రంగా తొక్కుతోంది. ఊళ్ళో ఆడవాళ్ళు గోడల మీది నుంచి తొంగిచూసి నవ్వుతుంటే, వాళ్ళను చూసి ఆమె ఇంకా గట్టిగా గంట కొట్టేది. ఆకుపచ్చ బాటలో ఒక్కో మలుపూ తయారైనప్పుడల్లా అక్క దిగాలి. కాలు కింద పెట్టకుండా, దేవుణ్ణి పిలవకుండా దిగితే ఆ మలుపు ఆకుపచ్చ, లేకపోతే మళ్ళీ తవ్వాలి. మూడో మలుపు ఆమె కోసం నాలుగుసార్లు తవ్వాము. బావ మలుపు దగ్గర గొంతుక్కూర్చుని, సైకిలును కాకుండా అక్క ముఖాన్నే చూసేవాడు. ఎక్కడ ఆమె కళ్ళు పెద్దవవుతాయో అక్కడ గడ్డపారతో గీత గీసేవాడు, మరునాడు ఆ గీత దగ్గర వాలు తగ్గేది. తర్వాతి రోజుల్లో నేను ఊరూరా పోయి పెద్ద తెలివిగా చెప్పుకున్న పద్ధతి ఇదే. భయం ఎక్కడ మొదలవుతుందో అక్కడ కొలత తీయాలని బెంగళూరులో ఒక సభలో మైకు పట్టుకుని చెప్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి మాదిరి తల వంచి ఆ చప్పట్లు అందుకున్నాను, సిగ్గులేనివాణ్ణి.

ఇక ఏడో మలుపు. ఆకుపచ్చ బాటలో అదే చివరిది. గుట్ట అక్కడ పక్కకు జారిపోతుంది కాబట్టి, బావ బయటి అంచున నడుమెత్తు గోడ కట్టి, లోపల ఎర్రటి గరుసుమన్ను నింపి, దాని మీద బాటను తిప్పాడు. గోడ అడుగున ఒక తూము వదిలాడు. పైనుంచి వచ్చే నీళ్ళు ఆ తూములోంచి కిందికి వెళ్ళిపోతాయి. అక్క ఆ మలుపు మొదటిసారికే నవ్వుతూ దిగింది. నాకు మాత్రం ఆ తూము కంట్లో నలుసులా ఉండేది. గుట్ట మొత్తం మీద నీరు చేరే చోటు అదొక్కటే. ఆ పక్కనే సారు ముచ్చటపడి నాటించిన కానుగ మొక్కలు వాడిపోతున్నాయి. తూము మూసి, గోడ లోపలి ముఖానికి నల్లరేగడి దట్టిస్తే, ఒక్క వాన చాలు, మొక్కలకు నెల రోజులు తడి ఆరదు. సారుతో చెబితే ఎగిరి గంతేశాడు. ఆయనను వెంటబెట్టుకుని వచ్చి బావతో చెప్పాను. బావ సుత్తె కింద పెట్టాడు.

"ఇది చెరువు గాదప్పా బామ్మర్దీ, బాట. ఈడ నీళ్ళు నిలబెడితే రేగడి ఉబ్బుతాది. పైన ఎండినట్లే ఉంటాది, లోపల అంబలి."

"నల్లరేగడి గురించి నాకు చెప్తాండావా బావా? పన్నెండేండ్లు దాంతోనే బతికినా."

"బతికినావులే, ఎవురు గాదన్యారు? దాని మింద సైకిలు తోలినావా?"

కూలీలు నవ్వారు. ఎన్నో వందలసార్లు నవ్విన నవ్వే అది, నేను కూడా కలిసి నవ్విన నవ్వే. ఆ రోజు మాత్రం పక్కన సారు నిలబడి ఉన్నాడు, ఆయన కూడా నవ్వాడు. అది నాకు ముల్లులా దిగింది. సరేలే బావా, నీ ఇష్టం అన్నాను. మనసులో మాత్రం ఊరుకోలేదు.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు బావా అక్కా నందికొట్కూరులో బంధువుల పెళ్ళికి పోయారు. వాళ్ళు బస్సెక్కిన మరునాడే నేను ట్రాక్టరుతో నల్లరేగడి తెప్పించాను. తూములో ఒక రాయి బిగించి, గోడ లోపలి ముఖం పొడవునా రేగడి దట్టించి, పైన గరుసు పరిపించి దిమ్మిసతో కొట్టించాను. చూడటానికి తీర్చిదిద్దినట్టుంది. ఆ మధ్యాహ్నమే పెద్ద వాన పడింది. గుట్ట మీది నీరంతా వచ్చి గోడ వెనక ఆగి, ఎక్కడికీ పోలేక మెల్లగా ఇంకిపోతుంటే, గొడుగు కింద నిలబడి చూస్తూ నేను పడ్డ సంతోషం చూరు కింద బిందె నిండినప్పుడు మా అమ్మ పడ్డ సంతోషం లాంటిది. ఆ తర్వాత మంచి ఎండ కాసింది. గరుసు పైన పొడిపొడిగా ఎండింది. దాని మీద చెప్పుతో తట్టి చూసి, గట్టిగానే ఉంది కదా అనుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున బావ పెళ్ళి నుంచి నేరుగా, కొత్త పంచె, కండువాతోనే గుట్టెక్కి వచ్చాడు. కింది నుంచి వస్తూ గోడ బయటి ముఖం చూశాడు కాబట్టి తూము మూసి ఉందని ఆయనకు అప్పటికే తెలుసు. షామియానా కింద అతిథుల నడుమ తిరుగుతున్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏడో మలుపుకు ఈ పొద్దు ఎవురినీ పంపొద్దు. నేను పోయి అడ్డం కంప ఏస్తా" అన్నాడు.

"తర్వాత చూద్దాం బావా, సారు వాళ్ళుండారు."

"తర్వాత గాదప్పా, ఇప్పుడే."

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఇంత రాతలోనూ నాకు రాయడానికి అన్నిటికన్నా కష్టమైన మాట ఇదే. చెయ్యి విడిపించుకుని, అతిథుల వైపు నవ్వుతూ నడిచాను. ఆయన కంప నరకడానికి పోయాడు. ఆయన తిరిగి రాకముందే సైకిళ్ళు వదిలారు.

ముందు వరసలో దిగింది సారు స్నేహితుల అమ్మాయి, కాలేజీలో చదువుతున్నది. కొండసైకిలెక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఆకుపచ్చ రాళ్ళను నమ్ముకుని దిగింది. నమ్మమనే కదా రాళ్ళకు రంగు పూసేది! ఏడో మలుపులో ముందు చక్రం పైపెచ్చును పగలగొట్టుకుని జానెడు లోతున రేగడిలో దిగబడింది. సైకిలు అక్కడే ఆగింది, అమ్మాయి ఆగలేదు. గోడ అంచు మీదుగా అవతల రాళ్ళలో పడింది. ముంజెయ్యి విరిగింది, మెడ పక్క ఎముక విరిగింది, ముందు పళ్ళు రెండు పోయాయి. ఆమె దగ్గరకు మొదట చేరింది బావే, భుజాన కంప మోపుతో. ఆ మోపు పడేసి, పెళ్ళిలో పెట్టిన కండువా చింపి ఆమె చేతికి కట్టు కట్టింది ఆయనే.

సారు వచ్చి, ఈ గోడ ఎవరు కట్టినారని అడిగాడు.

"బావే కట్టినాడు సార్" అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎనిమిదేళ్ళు నేను పట్టుకుని వేలాడింది ఆ ఒక్క సమర్థింపునే. తూము ఎవరు మూశారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మొక్కల కోసం ఆ పని చేయిస్తానంటే తానే సంబరపడ్డ సంగతి సారుకు కూడా ఆ క్షణాన గుర్తుకు రాలేదు, లేదా గుర్తుకు రావడం ఆయనకు అక్కరలేదు. "గొర్ల దొడ్లు కట్టుకునేటోన్ని తెచ్చి పెడితే ఇట్లే తగలడ్తాది" అన్నాడు అందరి ముందూ. కూలీల్లో ఇద్దరు ముగ్గురికి అంతా తెలుసు, దట్టించింది వాళ్ళే. వాళ్ళూ నేల చూపులు చూశారు, నేను వాళ్ళ సూపర్‌వైజరును కదా. బావ నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నేను సారు బూట్లకు అంటిన మట్టిని చూస్తున్నాను. పైన ఎర్రమన్ను, కింద నల్లమన్ను. గుట్ట మీద నల్లమన్ను ఎక్కడి నుంచి వచ్చిందని అడగడానికి చదువు కూడా అక్కర లేదు. ఎవరూ అడగలేదు. బావ, పనిముట్లు పెట్టే షెడ్డులోంచి తన సుత్తె తీసుకుని గుట్ట దిగిపోయాడు.

నాలుగు రోజుల్లో నేను ఆ మలుపును సరిచేశానని చెప్పుకుంటారు. సరిచేయడమంటే, నేను దట్టించిన రేగడిని నేనే తవ్వించడం, నేను బిగించిన రాయిని నేనే ఊడదీయించడం. గోడలో ఒక్క రాయి కదపలేదు. ఎనిమిదేళ్ళుగా, ఎన్ని వానలొచ్చినా, ఆ గోడ ఆయన పేర్చినట్టే ఉంది. ఎవరో విలేకరి వచ్చి ఫోటో తీసి, మేస్త్రి పొరపాటును సరిదిద్దిన ఇంజినీరని వేశాడు. ఇంజినీరును కానని నేను చెప్పలేదు. ఆ కాగితం ముక్క చూపించుకుని కమలాపురం వైపు ఒక గుట్ట మీద, ఇంకా రెండు చోట్ల బాటలు వేసే పని సంపాదించుకున్నాను. ప్రతిచోటా గోడల అడుగున తూములు వదిలించాను.

బావను ఆ తర్వాత ఎవరూ పనికి పిలవలేదు. రచ్చబండ దగ్గర ఆయన కనిపిస్తే, నువ్వు కట్టిన అరుగు మీద కూర్చుంటే పడం కదా మేస్త్రీ అని అడిగేవాళ్ళట. ఒకరి మాటకు పది మాటలు తిరిగి విసిరే మనిషి, తల వంచుకుని పోయేవాడట. రెండేళ్ళు చూసి, కోడుమూరులో ఒక విత్తనాల గోదాములో కాపలాకు కుదిరాడు. రాయిని చేత్తో తూచి దాని బరువు చెప్పగలిగిన మనిషి ఒక ఇనుప గేటు తీస్తూ, వేస్తూ కూర్చున్నాడు. పండగకో పబ్బానికో నేను వాళ్ళింటికి పోతే ఆయన ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాడు. నేను కూడా ఆయన బయటికి పోయే వేళ చూసుకునే పోయేవాణ్ణి.

టీ కొట్టు నుంచి వచ్చిన మరునాడు సారు దగ్గరకు పోయి, తూము మూసింది నేనని, మీరు కూడా అప్పుడు సరేనన్నారని, పటంలో ఆ పేరు తీసెయ్యమని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఎనిమిదేండ్ల కిందటిది ఇప్పుడెందుకు తవ్వుకుంటావప్పా? సరదాకు పెట్టిన పేరది. వచ్చినోళ్ళకు ఏదో ఒక కథ కావల్ల."

"ఆ కథలో ఉండేది మా బావ సార్."

"ఇదంతా బయటికొస్తే పోయేది నీ పేరే. కమలాపురం పని కూడా పోతాది, ఆలోచించుకో."

"పోనీ సార్!" అన్నాను. గదిలో ఉన్న గుమాస్తాలు తలలెత్తి చూశారు. ఆయన ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. అది ఎనిమిదేళ్ళ కిందట, ఆ గోడ పక్కన పెంచాల్సిన గొంతు. చివరికి ఆయన, అచ్చయిన పటాలు అయిపోయేదాకా ఏమీ చేయలేననీ, ఈసారి వేసేటప్పుడు పేరు తీసి ఏడో మలుపు అని మాత్రం వేయిస్తాననీ ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి చిరునామా అడిగితే ఇవ్వలేదు, ఉత్తరం రాసిస్తే పంపిస్తానన్నాడు. తప్పు నాదని, గోడ కట్టిన మనిషిది కాదని రాసి, సంతకం చేసి ఇచ్చాను. అది ఆమెకు చేరిందో లేదో తెలియదు. చేరినా ఆమె నాకు జవాబివ్వాల్సిన అవసరం లేదు.

అక్కడి నుంచి అక్క ఇంటికి పోయాను. అక్క నడవలో చేట ముందు పెట్టుకుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నన్ను తిడుతుందని, చేట విసిరికొడుతుందని అనుకుంటూ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎనిమిదేండ్లు" అంది. "ఎనిమిదేండ్లు ఆయప్పను నేనే దెప్పితి గదరా. కూరలో ఉప్పు లేదంటే, గోడ కట్టను చేతగాల్యా గానీ వంకలు పెట్టను నోరుండాది అంటి. నలుగురి ముందర నా తల వంచితివి అంటి. ఒక్కపారి గూడా నేను కాదు అనల్యా. ఎందుకనల్యా?"

నాకు తెలుసు. ఆమెకూ తెలిసింది.

"నీ తమ్ముడే అని నాతో ఎట్ల అంటాడులే" అని ఆమె చేటలోకి చూస్తూ తనకు తానే చెప్పుకుంది.

ఊళ్ళో నవ్వులు, పటంలో పేరు, పోయిన పని, ఇవన్నీ నేను ఊహించుకుని సిద్ధపడి పోయినవే. నా మాట ఆ ఇంట్లో, కంచం ముందు కూర్చున్న మనిషి మీద పూటపూటా పడుతూ వచ్చిందని నేనెన్నడూ అనుకోలేదు. అది విన్న తర్వాత క్షమించమనే మాట నా నోట రాలేదు. వచ్చి ఉంటే నా మీద నాకు ఇంకా అసహ్యం కలిగేది.

బావ గోదాము నుంచి వచ్చాక, ఇదంతా పేపరుకు రాసి పంపుతానని ఆయనకు చెప్పాను. కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. చెంబు కింద పెట్టి, "రాస్తే తూము కొలత గూడా రాయి. జానెడు, ఇంకో నాలుగు వేళ్ళు. రాళ్ళు పెట్టేటోడు ఎవుడన్నా సదివితే పనికొస్తాది" అన్నాడు. అంతే. నా బొజ్జ ఈ ఎనిమిదేళ్ళలో రెండింతలయింది, జుట్టు నెరిసింది, ఆయనకు అందివచ్చిన అవకాశాలు ఎన్నో. ఒక్కటీ వాడుకోలేదు. ఇంట్లో అందరూ బాగుండారా అని అడిగాడు, ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాడు.

మన రోజుల్లో చేని గట్టు చూసి ఇది ఫలానావాళ్ళ చెయ్యి అని దారిన పోయేవాళ్ళు చెప్పేవాళ్ళు, ఎవరి పేరూ ఎక్కడా రాసిపెట్టుకోనక్కర లేకపోయేది. ఇప్పుడు చెయ్యిని చూసేవాళ్ళు తగ్గారు, కాగితం మీద ఏ పేరు పడితే అదే నిలుస్తోంది. అట్లాంటి కాలంలో నేను ఒక అబద్ధపు పేరు పడనిచ్చాను. ఈ రాతతో అది చెరిగిపోతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు.

చిన్నప్పుడు నేను ఏ తప్పు చేసినా అక్క వీపు మీద గట్టిగా ఒకటి వేసేది, నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయి తన కంచంలోనే అన్నం కలిపి పెట్టేది, అంతటితో ఆ సంగతి తీరిపోయేది. ఆ రోజు ఆమె నన్ను కొట్టలేదు. లోపలికి పోయి కాళ్ళకు నీళ్ళిచ్చింది, పీట వేసింది, చుట్టాలు వస్తే తీసే స్టీలు కంచం తుడిచి నా ముందు పెట్టి, ఏం కావాలో అడిగి అడిగి వడ్డించింది.